డైసీకి పెట్టిన పథ్యం

పశువైద్యంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తుంటారు. కాఫీ తాగి, గోడ మీద నా సన్మానాల ఫోటోలు చూసి, మర్యాద కోసం ఒక ప్రశ్న అడుగుతారు. "సార్, మీ రోజుల్లో కుక్కల ఆహారం గురించి ఏం చెప్పేవాళ్లండి?" అని. మా రోజుల్లో కుక్క ఆహారం అంటే అన్నమే. పిల్లకి చిన్న ముద్ద, పెద్దదానికి పెద్ద ముద్ద, ముసలిదానికి మిగిలితే ముద్ద. అంతకన్నా ఎక్కువ మాకూ తెలియదు. తెలిసినట్టు మొహం పెట్టడం మాత్రం బాగా వచ్చు.

ఇప్పుడు వయసుకో రకం బస్తా దొరుకుతోంది, ఎంత పెట్టాలో దాని మీదే అచ్చేస్తున్నారు. కాబట్టి ఆ కొలతలు నేను చెప్పను. ప్రమోషన్లు, బదిలీ ఆర్డర్లు కూడా రాయను, అవి నాకే విసుగు. తెనాలి, రేపల్లె, బాపట్ల, ఈ మూడు ఊళ్లలోనే నా ఉద్యోగం చాలావరకు గడిచిపోయింది. అందులోంచి ఒక్క కుక్క సంగతి రాస్తాను. పాలు మరవని పిల్లగా ఉన్నప్పటి నుంచి పళ్లూడే వయసు దాకా చూసిన కుక్క అది. దాన్ని ఒకసారి బతికించాను. ఊరంతా మెచ్చుకున్నారు. ఆ మెప్పు పోకుండా ఉండాలని ఒక పెద్దావిడ మీదికి తప్పు నెట్టాను. దాంతో ఆవిడ తన కుక్కకి తన చేత్తో అన్నం పెట్టుకునే హక్కు పోగొట్టుకున్నారు. ఇది రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను.

గేదెల వరసలో చివర

తెనాలి ఆసుపత్రిలో చేరింది ఎనభైల మొదట్లో. పొద్దున్నే కొలకలూరు నుంచి, చుండూరు వైపు నుంచి గేదెలు వచ్చేవి. చూలు కట్టనివి, పాలు తగ్గినవి, పొదుగు వాచినవి. కుక్కలు రిక్షాలో ఒళ్లో కూర్చుని వచ్చేవి. గేదెలన్నీ అయ్యాక వాటి వంతు.

మా పెద్దసారు, అంటే నా పైన ఉన్న డాక్టరు గారు, రిటైరవడానికి దగ్గర్లో ఉన్న మనిషి. చెయ్యి చాలా మంచిది. అడ్డం తిరిగిన దూడని ఆయన తీస్తుంటే చూడ్డానికి మనుషులు పనులు మానుకుని నిలబడేవాళ్లు. ఆయనకి కుక్కలంటే లెక్కలేదు.

"పాలిచ్చేదానికి వైద్యం చెయ్యవయ్యా. కుక్కకి డైట్ ఏంటి? నువ్వు తినే అన్నమే అదీ తింటుంది" అనేవారు.

ఆయన దగ్గర నేర్చుకున్న రెండో పాఠం ఇంకా గట్టిది. ఒకరోజు ఒక పెద్దమనిషి కుక్కని తీసుకొచ్చాడు. బొచ్చు రాలిపోతోంది. నేను చూసి, "మందేం అక్కర్లేదండి, రోజూ ఒక గుడ్డు కలిపి పెట్టండి, వారంలో ఒకసారి కాస్త చేప పెట్టండి" అన్నాను. ఆయన నా వంక జాలిగా చూసి వెళ్లిపోయాడు. మర్నాడు ప్రైవేటుగా ఎవరి చేతో కుక్కకి ఇంజెక్షన్ వేయించాడని తెలిసింది.

పెద్దసారు నవ్వారు. "చీటీ మీద సీసా పేరు రాయకపోతే నువ్వు డాక్టరువని వాళ్లకెలా తెలుస్తుందయ్యా? గుడ్డు సంగతి వాళ్లమ్మ కూడా చెప్తుంది. నువ్వు సీసా రాయి, దాని కింద గుడ్డు రాయి" అన్నారు.

ఇది నాకు చాలా తెలివైన మాటగా తోచింది. అప్పటినుంచి ప్రతి చీటీ మీదా ఒక సీసా ఉండేది.

ఇంకో సంగతి నాకు నేనుగా నేర్చుకున్నాను. "ఏం పెడుతున్నారండి?" అని అడిగితే ప్రతివాళ్లూ "మేం తినేదేనండి" అనేవాళ్లు. ఏడాది పాటు అది నమ్మాను. తర్వాత "మీరు ఏం తింటారు? ఎప్పుడు తింటారు? మీరు తిన్నాక ఏం మిగులుతుంది?" అని అడగడం మొదలుపెట్టాను. అప్పుడు నిజం బయటపడేది. వాళ్లు తినేది చేపల పులుసు, కుక్క తినేది ఆ పులుసు అంటిన గిన్నె కడుగు. మీరు ఇవాళ్టికీ ఈ మూడు ప్రశ్నలూ అడగండి. బస్తాలు కొనేవాళ్లని కూడా అడగండి.

టీచరమ్మ గారు

ఎనభై నాలుగులో అనుకుంటాను, కరుణమ్మ గారు ఒక బుట్టతో వచ్చారు. మిషను బడిలో పిల్లలకి అక్షరాలు నేర్పి రిటైరైన టీచరు. తెల్ల చీర, నల్ల గొడుగు, చేతిలో రూళ్ల నోటుబుక్కు. లూథరన్ చర్చిలో ఆదివారం బడి కూడా ఆవిడదే. భర్త పోయారు. కొడుకు ప్రభాకర్ బ్యాంకులో క్లర్కు, కోడలు సునీత. బుట్టలో తెల్లటి పామెరేనియన్ పిల్ల ఉంది, ఆడది. ప్రభాకర్ గుంటూరు నుంచి తెచ్చాడట. నెల నిండిందో లేదో కూడా అనుమానమే.

"పేరేంటండి?" అన్నాను.

"డైసీ. మావాడు రూతు అని పెడతానన్నాడండి. బైబిల్లో పేర్లు మనుషులకే చాలట్లేదు, కుక్కలకి కూడానా అన్నాను."

పిల్ల పొట్ట ఉబ్బి ఉంది. కాళ్లు నిలవడం లేదు. ఏం పడుతున్నారని అడిగితే ఒక వంతు పాలు, మూడు వంతులు నీళ్లు అన్నారు. పసిదానికి చిక్కటి పాలు అరగవని, తన పిల్లలకీ అలాగే పట్టానని చెప్పారు. మన ఇళ్లల్లో పసిపిల్లలకి అలాగే పట్టేవాళ్లు మరి. కుక్క పాలు గేదె పాలకన్నా చిక్కన అన్న సంగతి ఆవిడకెలా తెలుస్తుంది? నేను నీళ్లు కలపొద్దని చెప్పాను. గుడ్డు పచ్చసొన, మెత్తగా నలిపిన అన్నంలో సన్నగా తరిగి ఉడికించిన మాంసం, రోజుకి నాలుగుసార్లు పెట్టమన్నాను. ఆవిడ నోటుబుక్కు తెరిచి, తేదీ వేసి, అన్నీ రాసుకున్నారు.

నా ఉద్యోగంలో చెప్పింది చెప్పినట్టు చేసిన మనుషుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆవిడ అందులో మొదటివారు. డైసీకి బడి గంట ప్రకారం నాలుగు పూటలా తిండి పడేది. ఆరు నెలలకి మూడు పూటలు చెయ్యమన్నాను, చేశారు. ఏడాదికి రెండు చెయ్యమన్నాను, చేశారు. కోడలు పక్కింటివాళ్ల ముందు నవ్వుతూ చెప్పేది, "మా అత్తయ్యగారు మా పెళ్లిరోజు మర్చిపోతారు గానీ డైసీ తిండి మార్చే రోజు మర్చిపోరండి" అని.

ఒక ఫిబ్రవరిలో ప్రత్యేకంగా వచ్చి అడిగారు. "డాక్టరు గారూ, శ్రమదినాలు మొదలయ్యాయి. నలభై రోజులు మా ఇంట్లో మాంసం ఉండదు. దీనికి కూడా మానిపించనా?"

"అదేం పాపం చేసిందండి టీచరు గారూ?" అన్నాను.

ఆవిడ కళ్లలో నీళ్లొచ్చేంత నవ్వారు. ఆ నలభై రోజులూ తను పచ్చడి మెతుకులు తింటూ డైసీకి విడిగా కుంపటి మీద మాంసం ఉడకబెట్టారు. వాసన వీధిలోకి వెళ్లి, టీచరమ్మ శ్రమదినాల్లో మాంసం తింటోందని చర్చిలో అనుకున్నారట. ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. ముద్దలు కలిపి నోటికి అందిస్తేనే డైసీ తినేది. గిన్నెలో పెట్టి వెళ్లిపోతే ఆవిడ కొంగు పట్టుకుని లాక్కొచ్చేది. ఇది మంచి అలవాటు కాదని చెప్పాను. ఆవిడ వినని మాట నాకు తెలిసి అదొక్కటే.

రోజూ రెండు పూటలా రెండు చెంచాలు

డైసీకి రెండున్నరేళ్లప్పుడు కడుపు నిలిచింది. కరుణమ్మ గారు రిక్షాలో తీసుకొచ్చారు. కాన్పు దాకా ఏమేం మార్చాలో చెప్పమన్నారు.

నిజానికి చెప్పాల్సింది రెండు మాటలే. మొదటి నెల ఏమీ మార్చొద్దు, ఆ తర్వాత మంచి తిండి కాస్త కాస్త పెంచండి, అంతే. కానీ ఆవిడ అంతదూరం నుంచి వచ్చారు, నోటుబుక్కు తెరిచి పెన్ను మూత తీసి కూర్చున్నారు. రెండు మాటలు చెప్పి పంపితే చిన్నబుచ్చుకుంటారని నాకు అనిపించింది. పెద్దసారు మాట కూడా గుర్తొచ్చింది. కాల్షియం సీసా రాశాను. పొద్దున రెండు చెంచాలు, సాయంత్రం రెండు చెంచాలు, కాన్పయ్యేదాకా.

అప్పట్లో అందరం అదే రాసేవాళ్లం. కడుపులో పిల్లలున్నాయి, ఎముకలు కావాలి, ఎముకలంటే కాల్షియం. ఇందులో తప్పేముందో ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా ప్రశ్నించుకోలేదు. సీసా అయిపోతే ఆవిడే ఇంకో సీసా కొనుక్కున్నారు. ఒక్క పూట తప్పలేదు.

ఐదు పిల్లలు పుట్టాయి. అంత చిన్న కుక్కకి ఐదు ఎక్కువే. ప్రభాకర్ బ్యాంకులో మిఠాయి పంచాడు, నాకూ ఒక పొట్లం వచ్చింది. అప్పుడైనా నేను ఇంటికెళ్లి ఏం పెడుతున్నారని ఆ మూడు ప్రశ్నలూ అడగాల్సింది. టీచరు గారు ఉన్నారు కదా, అన్నీ సక్రమంగా జరుగుతాయని ఊరుకున్నాను. నేను ఏం చెప్తే అది చేసే మనిషి, నేను ఏమీ చెప్పనప్పుడు ఏం చేస్తారో నాకు తట్టలేదు.

ఆదివారం

పిల్లలు పుట్టిన మూడో వారం, ఆదివారం పొద్దున పదిన్నర. ప్రభాకర్ స్కూటరు మీద మా క్వార్టర్సుకి వచ్చాడు. చర్చికి వేసుకున్న తెల్లచొక్కా నిండా చొంగ మరకలు.

"సార్, డైసీ కొట్టేసుకుంటోందండి. చచ్చిపోతోంది సార్."

వెళ్లేసరికి వరండాలో డైసీ పక్కకి పడి ఉంది. కాళ్లు నాలుగూ కర్రల్లా బిగిశాయి. ఒళ్లంతా వణుకు, నోట్లో నురగ. ముట్టుకుంటే జ్వరంతో కాలిపోతోంది. పిల్లలు అవతల బుట్టలో అరుస్తున్నాయి. ఇది చూసినవాళ్లు మళ్లీ మర్చిపోరు. రక్తంలో కాల్షియం పడిపోయింది, ఉన్నదంతా పాలల్లో పోయింది. గేదెల్లో పాలజ్వరం అంటామే, అదే. గేదె మత్తుగా పడిపోతుంది, కుక్క కొట్టుకుంటుంది.

ముందుకాలి నరంలోకి కాల్షియం ఇంజెక్షన్ మెల్లగా ఎక్కించాను. గబగబా ఎక్కిస్తే గుండె ఆగుతుంది కాబట్టి ఒక చేత్తో స్టెతస్కోపు గుండె మీదే పెట్టుకుని కూర్చున్నాను. పావుగంట పట్టింది. ముందు వణుకు తగ్గింది, తర్వాత కాళ్లు వదులయ్యాయి. ఇంకాసేపటికి డైసీ లేచి, ఒళ్లు దులుపుకుని, అందరి ముందూ ఒకటికి పోసి, తోక ఊపింది. మన వృత్తిలో ఇంతకన్నా గొప్ప తమాషా ఇంకోటి లేదు. అప్పటికే చర్చి వదిలారు. గేటు దగ్గర బైబిళ్లు పట్టుకుని పదిహేనిరవై మంది నిలబడి ఉన్నారు. "దేవునికి స్తోత్రం" అన్నారెవరో. ఆ స్తోత్రంలో కొంత భాగం నాకే అన్నట్టు నేను చేతులు కడుక్కున్నాను.

"ఎందుకొచ్చింది సార్ ఇది?" అన్నాడు ప్రభాకర్.

"ఏం పెడుతున్నారు?" అన్నాను.

కరుణమ్మ గారే ముందుకొచ్చి చెప్పారు. పాఠం అప్పజెప్పే పిల్లలా, ఏదీ దాచకుండా. "బాలింత కదండీ, పథ్యం పెడుతున్నాను. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, కాస్త నెయ్యి. పెరుగు లేదు, గుడ్డు లేదు, మాంసం వాతమని మానేశాను. నీళ్లు కాచి చల్లార్చి కొంచెం కొంచెం ఇస్తున్నాను. సునీతకి రెండు కాన్పులకీ ఇలాగే చేశాను." డైసీ చెవులకి చలిగాలి తగలకుండా గుడ్డ కూడా కట్టారు. కొట్టుకోవడంలో అది జారి మెడలో వేలాడుతోంది.

బాలింతకి పథ్యం పెట్టని ఇల్లు ఆ రోజుల్లో లేదు. ఆవిడకి తెలిసిన ప్రేమంతా పెట్టారు. కానీ పాలిచ్చే కుక్కకి మామూలు తిండికి రెండింతలు, మూడింతలు కావాలి. నీళ్లు ఎన్ని తాగితే అన్ని కావాలి. పైగా వెల్లుల్లి దాని రక్తానికి చెరుపు. కాబట్టి పథ్యం తప్పే, అందులో అనుమానం లేదు. ఆ తప్పు నెమ్మదిగా పక్కకి పిలిచి చెప్పొచ్చు. నేను ఇరవై మంది ముందు చెప్పాను.

"ఒంట్లో కాల్షియం పడిపోయింది. మీరు పథ్యం పెట్టి దీన్ని చంపబోయారండి టీచరు గారూ."

ఆవిడ మొహం పాలిపోయింది. మెల్లగా అన్నారు, "మీరిచ్చిన కాల్షియం మాత్రం ఒక్క పూట కూడా మానలేదండి. రెండు నెలలూ పట్టించాను. అయినా కాల్షియం ఎందుకు తగ్గింది డాక్టరు గారూ?"

చాలా మంచి ప్రశ్న. నా సర్వీసులో ఎవరూ అంత మంచి ప్రశ్న అడగలేదు. నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పొచ్చు. అందరూ నన్నే చూస్తున్నారు.

"అది పట్టించబట్టే ఇన్నాళ్లు ఆగింది. లేకపోతే ఎప్పుడో పోయేది" అన్నాను.

పిల్లల్ని తల్లి దగ్గర్నుంచి తీసేసి సీసాపాలు అలవాటు చెయ్యమన్నాను. తల్లికి మాంసం, గుడ్లు, పాలు బాగా పెట్టమన్నాను. ఐదింట్లో రెండు పిల్లలు సీసాపాలు పడక ఆ వారంలోనే పోయాయి. ప్రభాకర్ వాళ్లమ్మతో, "ఇకనుంచి నువ్వు దాని గిన్నె ముట్టుకోవద్దమ్మా. డాక్టరు గారు చెప్పింది విన్నావుగా" అన్నాడట. నాకు ఈ సంగతి సునీత చెప్పింది.

రేపల్లెలో నేర్చుకున్నది

తర్వాత నన్ను రేపల్లె వేశారు. అక్కడుండగా కొత్త సంగతులు నేర్పుతామని మమ్మల్ని వారం రోజులు ఒక శిక్షణకి పిలిచారు. మధ్యాహ్నం భోజనం బాగుండేది కాబట్టి క్లాసుల్లో సగం మంది నిద్రపోయేవాళ్లు. నేనూ నిద్రపోయి ఉంటే బాగుండేది. ఒక ప్రొఫెసరు గారు మామూలుగా, సుద్దముక్క చేతిలో తిప్పుకుంటూ చెప్పారు. కడుపుతో ఉన్న కుక్కకి కాల్షియం సీసాలు పట్టించకండి అని.

కారణం కూడా చెప్పారు. ఎముకల్లో ఉన్న కాల్షియాన్ని అవసరమైనప్పుడు రక్తంలోకి తీసే గ్రంథులు మెడ దగ్గర ఉంటాయి. రెండు నెలల పాటు బయటినుంచి పోస్తూ ఉంటే వాటికి పని ఉండదు, బద్ధకం పట్టుకుంటుంది. కాన్పయ్యాక పాలకోసం ఒక్కసారిగా కాల్షియం కావాల్సి వస్తే అవి టైముకి అందుకోలేవు. అప్పుడు కుక్క కొట్టుకుంటుంది.

నేను నోట్సు రాసుకోవడం ఆపేశాను. కరుణమ్మ గారు ఆ రోజు అడిగిన ప్రశ్నకి ఇదే జవాబు. ఇంకా చిత్రం ఏంటంటే, చూడి గేదెకి ఈనే ముందు కాల్షియం ఎక్కువ పొయ్యొద్దని కాలేజీలో నేనే పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నాను. గేదె విషయంలో తెలిసిన సంగతి కుక్కకి వర్తించదని నాకెవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను. పథ్యం ఒక్కటే ఉంటే డైసీ చిక్కిపోయేదేమో. నా సీసా లేకుండా అంతలా కొట్టుకునేదో లేదో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. నింద మాత్రం మొత్తం ఆవిడ ఒక్కరే మోస్తున్నారు.

రేపల్లె నుంచి తెనాలికి రైలుంది. ఎన్నోసార్లు ఎక్కాను. పంట్లాం కుట్టించుకోడానికి వెళ్లాను, సినిమాకి వెళ్లాను, పెద్దసారు పోయినప్పుడు వెళ్లాను. టీచరు గారింటికి వెళ్లలేదు. ఆవిడ మర్చిపోయి ఉంటారు, ఇప్పుడు కెలకడం ఎందుకు అనుకునేవాణ్ణి. కుక్క బాగానే ఉంది కదా అనుకునేవాణ్ణి. ఒక కార్డు రాస్తే సరిపోయేది. కార్డు పోస్టుమాను చదువుతాడని కూడా ఒకసారి అనుకున్నాను. తప్పు ఒప్పుకోకుండా ఉండడానికి మనిషి బుర్ర ఎంత చురుగ్గా పనిచేస్తుందో నాకు అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత కడుపుతో ఉన్న ఏ కుక్కకీ నేను కాల్షియం రాయలేదు. దాన్ని చూసుకుని నేను బాగుపడ్డానని సంతోషించేవాణ్ణి.

బాపట్ల

తొంభైల మధ్యలో బాపట్ల వచ్చాను. అక్కడ నేను చూసిన కుక్కల్లో ఆరోగ్యమైనవి సూర్యలంకలో చేపలు పట్టే పల్లెకారుల కుక్కలు. చేప తలకాయలు, తోకలు తిని, ఇసకలో పరిగెత్తి, బొచ్చు నిగనిగలాడుతూ ఉండేవి. వాటి యజమానులు నన్నెప్పుడూ సలహా అడగలేదు. నా సలహాలు తీసుకున్న కుక్కలన్నీ ఊళ్లో సోఫాల కింద ఆయాసపడుతూ ఉండేవి.

ఒకరోజు మధ్యాహ్నం ఒకావిడ ఆసుపత్రికి వచ్చి నిలబడింది. సునీత. జుట్టు నెరిసింది. వాళ్లు బాపట్లలో ఇల్లు కట్టుకున్నారట. "డైసీ నాలుగు రోజులుగా ఏం ముట్టట్లేదండి. ఒక్కసారి వచ్చి చూస్తారా సార్?" అంది. డైసీ ఇంకా ఉందని నాకు ఆశ్చర్యం. పన్నెండేళ్లు.

వెళ్లాను. డైసీ గుమ్మం పక్కన గోనెసంచి మీద పడుకుని ఉంది. కళ్లలో పొర. నోరు తెరిస్తే పుల్లటి చెడు వాసన. నీళ్లు తెగ తాగుతోందని, వాంతులవుతున్నాయని సునీత చెప్పింది. మూత్రపిండాలు పోయాయి. ఆ వయసుకి పోతాయి.

"ఏం పెడుతున్నారమ్మా?" అన్నాను.

"మీరు చెప్పిందేనండి. రోజూ మాంసం, రెండు గుడ్లు, పాలు. ఆయన ఒక్కరోజు తప్పనివ్వలేదు."

"నేను ఎప్పుడు చెప్పాను?"

"పిల్లలు పుట్టినప్పుడు చెప్పారు కదండీ."

పాలిచ్చే తల్లికి చెప్పిన తిండి తొమ్మిదేళ్లు పెట్టారు. ఎప్పటిదాకా పెట్టాలో నేను చెప్పలేదు మరి. మూత్రపిండాలు దానివల్లే పోయాయని అనను. పోయాక మాత్రం అంత మాంసం దానికి మోయలేని బరువే. పిల్లలూ, ఏ తిండి రాసినా ఎప్పుడు ఆపాలో కూడా రాయండి.

హాల్లో కుర్చీలో కరుణమ్మ గారు కూర్చుని ఉన్నారు. ఎనభైకి దగ్గర పడి ఉంటారు, బాగా వంగిపోయారు. నన్ను గుర్తుపట్టి చేతులు జోడించారు. డైసీ ఆవిడ వైపే తల పెట్టుకుని పడుకుంది, ఆవిడకీ దానికీ మధ్య నాలుగు గజాలు ఉంటుంది.

"మీరు పెట్టి చూశారా టీచరు గారూ? మీ చేత్తో అయితే తింటుందేమో" అన్నాను.

"నేను ముట్టుకోనండి డాక్టరు గారూ. రెండు పిల్లల్ని పొట్టన పెట్టుకున్న చెయ్యి ఇది" అన్నారు. నిష్ఠూరంగా అనలేదు. తారీఖు చెప్పినంత మామూలుగా అన్నారు.

సునీత కాఫీకని లోపలికి వెళ్లింది. నేను ఆవిడ పక్కన స్టూలు లాక్కుని మొత్తం చెప్పేశాను. సీసా సంగతి, ప్రొఫెసరు గారు చెప్పిన సంగతి, తెలిసి కూడా ఇన్నేళ్లు ఊరుకున్న సంగతి. పథ్యం తప్పే కానీ అసలు దెబ్బ నా మందుదే అయ్యుండొచ్చని చెప్పాను. క్షమించమన్నాను.

నేను ఆవిడ ఏడుస్తారనుకున్నాను. క్షమించాను నాయనా అంటారని కూడా, నిజం చెప్పాలంటే, ఎదురుచూశాను.

"ఇది నాకు చెప్తారేంటండి?" అన్నారు. "ఆ రోజు అంతమందిలో అన్నారు. మావాడు ఐదున్నరకి వస్తాడు. కూర్చోండి."

అప్పుడు నాలుగున్నర. నాకు ఆసుపత్రిలో పని ఉందని చెప్పబోయాను. ఆవిడ అప్పటికే సునీతని పిలిచి, సార్ ప్రభాకర్ వచ్చేదాకా ఉంటారని చెప్పేశారు. గంటసేపు కూర్చున్నాను. బడి ఎగ్గొట్టి దొరికిపోయినవాడిలా ఉంది నా పరిస్థితి.

ప్రభాకర్ వచ్చాడు. నన్ను చూసి సంబరపడిపోయాడు. బూట్లు విప్పకుండానే నా చేతులు పట్టుకుని, ఆ ఆదివారం నేను డైసీని బతికించిన వైనం నాకే చెప్పాడు. అది అయ్యాక నేను చెప్పాను. ఆవిడకి చెప్పినంత బాగా చెప్పలేకపోయాను, మాటలు తడబడ్డాయి.

అతను నవ్వేశాడు.

"మీది పెద్దమనసు సార్. అమ్మ బాధపడుతోందని ఇలా అంటున్నారు. నాకు తెలియదా ఏంటి? అమ్మా, చూశావా, నీకోసం సార్ తప్పు తన మీద వేసుకుంటున్నారు."

ఆ రోజు అబద్ధం చెప్తే ఎదురు మాట లేకుండా నమ్మినవాడు ఇవాళ నిజం చెప్తే నమ్మట్లేదు. సరేలే, చెప్పాల్సింది చెప్పాను కదా అని లేచి వెళ్లిపోవడం చాలా తేలిక. లేవడానికి చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాను కూడా.

కరుణమ్మ గారు నాకన్నా ముందు లేచారు. "ఏం పెట్టమంటారు దీనికి?" అని నన్ను అడిగారు.

"మెత్తగా ఉడికిన అన్నం, గంజి. గుడ్డు తెల్లసొన కొంచెం, ఉప్పు లేకుండా. కొద్దికొద్దిగా పెట్టాలండి. నీళ్లు ఎప్పుడూ దగ్గరుండాలి" అన్నాను. నెలో నెలన్నరో తప్ప దానికి ఆయుష్షు లేదని కూడా చెప్పాను. ఆవిడ తలూపి వంటింట్లోకి వెళ్లారు. సునీత వెనకే వెళ్లి మళ్లీ బయటికొచ్చేసింది, ఆవిడే చేసుకుంటానన్నారట. చిన్న పళ్లెంతో తిరిగొచ్చి, గోడ పట్టుకుని, మెల్లగా డైసీ ముందు నేల మీద కూర్చున్నారు.

"అమ్మా, నువ్వెందుకమ్మా? సునీత పెడుతుందిలే" అన్నాడు ప్రభాకర్.

"డాక్టరు గారు చెప్పింది వినలేదా నువ్వు?" అన్నారావిడ, వెనక్కి తిరక్కుండానే.

ప్రభాకర్ నా వంక చూశాడు, నేను నవ్వుతానేమోనని. నేను నవ్వలేదు.

"నిజమే ప్రభాకర్ గారూ. కాల్షియం ఎందుకు తగ్గిందని ఆ రోజు మీ అమ్మగారు అడిగితే నాకు తెలియదు. పరువు పోతుందని అబద్ధం చెప్పాను. ఆవిడని మీరు అనవసరంగా దూరం పెట్టారు, నావల్ల" అన్నాను.

అతని మొహంలో నవ్వు పోయింది. వాళ్లమ్మని చూశాడు, కుక్కని చూశాడు. అక్కడే గడప మీద కూలబడ్డాడు.

డైసీ మొదట ఆవిడ వేళ్లు వాసన చూసింది. తర్వాత నాకింది. ఆవిడ శనగ గింజంత ముద్ద చేసి నోటికి అందించారు. మింగింది. ఇంకోటి అందించారు, అదీ మింగింది.

"చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టలేదు కదండీ డాక్టరు గారూ" అన్నారు.

ఆవిడ అప్పటికే మూడో ముద్ద కలుపుతున్నారు.